జాతకం లేని అంకె

పోయిన వారం భాగం చివర రేవతిని పొద్దున ఆరున్నరకు మైపాడు రోడ్డులో స్కూటరు మీద వదిలిపెట్టాం. భుజాన సంచి, సంచిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఆ కాగితంలో ఏముందో ఆమె భర్త సుశీల్ కుమార్‌కు కూడా చెప్పలేదు. చెబితే "మన ఇంటి పిల్లే కదా, పోనీలే" అంటాడని ఆమెకు తెలుసు. ఆ "మన ఇంటి పిల్ల" అనే మాట వినీ వినీ రేవతికి ఒళ్ళు మండిపోతోంది.

మన ఇంటి పిల్ల అంటే బిందు. మరిది వినోద్ భార్య, రేవతికి తోడికోడలు. ఇద్దరిదీ నెల్లూరులో ఒకే ఇల్లు, ఒకే వంటగది, రెండేళ్ళుగా ఒకే ఆఫీసు. సముద్రానికి ఇవతల, రొయ్యల గుంటలు పూడ్చి రన్‌వే వేసుకున్న ఒక చిన్న కంపెనీ అది. బ్యాటరీతో ఎగిరే రెండు సీట్ల విమానం చేస్తోంది. ఆ విమానాన్ని గాల్లోకి పంపే ముందు కంప్యూటర్‌లో ఎగరేసి చూడడం వీళ్ళిద్దరి పని. బ్యాటరీ, తీగలు, మోటారు, ప్రొపెల్లర్, అన్నిటినీ లెక్కలుగా రాసి ఒకదానికొకటి కలిపి, విమానం పైకి లేచేటప్పుడు ఎంత కరెంటు తాగుతుంది, ఎక్కడ వేడెక్కుతుంది, ఎన్ని నిమిషాలు నిలుస్తుంది అని ముందే చెప్పాలి. ఆ లెక్కల కట్టనే వీళ్ళు మోడల్ అంటారు.

బిందును చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అక్కడ చేర్పించింది రేవతే. అప్పుడు అందరూ ఆమెను మెచ్చుకున్నారు. ఇప్పుడు అందరూ బిందును మెచ్చుకుంటున్నారు. అత్తగారు కామాక్షమ్మ అయితే వీధి మొదట్నుంచి చివరిదాకా "మా చిన్నకోడలు విమానాలు చేస్తాది" అని చెప్పి వచ్చింది. రేవతి గురించి ఆవిడ ఏడేళ్ళుగా చెబుతున్నది "పెద్దది కంప్యూటర్లో ఏందో చేసుకుంటా ఉంటాది" అని మాత్రమే. రేవతి ఏడేళ్ళుగా చేస్తున్నది కూడా విమానాలే!

పోయిన నెలలో విమానాన్ని నేలకు కట్టేసి మోటారును నలభై సెకన్లు పూర్తి బలంతో తిప్పి చూశారు. బ్యాటరీ వోల్టేజీ ఎలా పడిందో గ్రాఫు గీశారు. వారం తర్వాత ఇద్దరి లెక్కలూ దాని పక్కన పెట్టి చూశారు. రేవతి లెక్క ఆ గీతకు రెండు వోల్టులు పైన తేలింది. బిందు లెక్క సరిగ్గా ఆ గీత మీదే అతుక్కుంది. కంపెనీ యజమాని విజయభాస్కర్ గారు చప్పట్లు కొట్టి, మొదటి ఎగురుడు బిందు మోడల్ ప్రకారమే జరగాలనీ, ఆ తర్వాత ఈ విభాగానికి బిందే పెద్ద అనీ చెప్పేశారు. ఆ రోజు రేవతి ఇంటికొచ్చి తలనొప్పి అని పడుకుంది. తలకు మాత్రం ఏమీ కాలేదు.

తర్వాత నాలుగు రోజులు కూర్చుని బిందు మోడల్‌ను ఈరుదువ్వెనతో దువ్వినట్టు దువ్వింది. దొరికింది.

* * *

షెడ్డులో ఒక మూల అద్దాల గది. ఏడు గంటలకు సమావేశం, తొమ్మిదింటికి విమానం లేవాలి. పదిన్నర దాటితే సముద్రం గాలి తిరుగుతుంది, ఇక ఆ రోజుకు అంతే. బల్లకు ఒక వైపు విజయభాస్కర్ గారు, పక్కన పైలట్ క్రీస్తురాజు. రెండో వైపు తోడికోడళ్ళిద్దరూ. పొద్దున ఇంట్లో బిందు రెండు డబ్బాల్లో ఉప్మా సర్ది ఒకటి రేవతి సంచి దగ్గర పెట్టింది. రేవతి దాన్ని అక్కడే వదిలేసి వచ్చింది. బిందు దాన్ని కూడా తెచ్చి, ఇప్పుడు మాటా పలుకూ లేకుండా రేవతి ముందు పెట్టింది.

"మొదటిసారి కదా సార్. ఫుల్ పవర్ తొంభై సెకన్లకు మించొద్దు" అంది బిందు తెర మీద గీత చూపిస్తూ. "తొంభై దాటితే తీగలు కలిసే చోట వేడి పెరుగుతా ఉండాది."

"తొంభై సెకన్లంటే ఎట్టా మ్యాడమ్?" అన్నాడు క్రీస్తురాజు. "రన్‌వే చుట్టూ కాకి తిరిగినట్టు ఒక చుట్టు తిరిగి దిగాల. సముద్రం మొహం కూడా చూడలేను."

అందరూ నవ్వారు. రేవతి కూడా నవ్వి, "సార్, నాదొక చిన్న సందేహం" అంది.

ఆ గొంతు ఎంత మెత్తగా ఉందో చెప్పలేను. ఇంట్లో చారు బాగుందని అత్తగారు బిందును మెచ్చుకున్నప్పుడు "అవును, బాగుంది" అనడానికి రేవతి దాచిపెట్టుకున్న గొంతు అది.

సంచిలోంచి కాగితం తీసి, మడతలు ఒక్కొక్కటే విప్పి, బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. బిందు మోడల్‌లోని తీగల పేజీ అది. ఒక్క వరుస మీద ఎర్ర సిరాతో గీత గీసి ఉంది.

"బ్యాటరీకీ మోటారుకూ మధ్య ఆరున్నర మిల్లీ ఓమ్‌ల రెసిస్టెన్స్ ఒకటి ఉండాది సార్. తీగ లెక్క వేరే ఉంది, ఫ్యూజ్ లెక్క వేరే ఉంది. ఇది ఆ రెండూ కాదు. దీనికి పేరు లేదు." ఒక్క క్షణం ఆగింది. "జాతకం కూడా లేదు."

ఈ జాతకం గొడవ ఏమిటంటే, ఆ షెడ్డులో మోడల్‌లోకి వచ్చే ప్రతి అంకెకూ ఒక కాగితం ఉండాలి. ఎక్కడ కొలిచారు, ఏ రోజు కొలిచారు, ఎవరు కొలిచారు, ఎవరు సరిచూశారు, అన్నీ రాయాలి. కుర్రకారు దానికి జాతకం అని పేరు పెట్టుకున్నారు. కాగితం లేని అంకె మోడల్‌లో ఉండకూడదు. గ్రాఫు కలవడం కోసం ఎవరికి తోచిన అంకె వాళ్ళు వేసుకుంటే ఇక లెక్కలెందుకు? ఆ రూలు పెట్టింది రేవతే, ఆరేళ్ళ కిందట.

విజయభాస్కర్ గారు కళ్ళజోడు పైకి తోసుకుని కాగితం దగ్గరికి లాక్కున్నారు. ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజినీరుగా చేసి వచ్చిన మనిషి. కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"బిందూ, దీని జాతకం ఏదమ్మా?"

బిందు ఆ ఎర్ర గీత వంక చూసింది. మొహంలో రంగు పోయింది. తర్వాత తలెత్తి రేవతి వంక చూసింది. రేవతి ఆ చూపు కోసమే నాలుగు రోజులుగా కాచుకుని ఉంది. ఆ కళ్ళల్లో బెదురు కనిపించాలి, బతిమాలుకోవడం కనిపించాలి అనుకుంది. బెదురు కనిపించింది. కానీ ఆ పిల్ల తన గురించి బెదురుతున్నట్టు లేదు, అదే రేవతికి అర్థం కాలేదు.

"లేదు సార్" అంది బిందు.

"యాడ కొలిచినావు?"

"కొలవలేదు సార్."

"మరి ఎట్టా వచ్చింది?"

బిందు పెదవి తడుపుకుంది. "గ్రాఫు కలవడానికి పెట్టినాను సార్."

విజయభాస్కర్ గారు కాగితాన్ని మళ్ళీ అవే మడతల మీద మడిచి బల్ల చివరకు నెట్టారు.

"నీ దగ్గర ఇది అనుకోలేదమ్మా" అన్నారు చాలా తక్కువ గొంతుతో. "రెండు వోల్టులు తప్పిపోయినా ఫరవాలేదు. తప్పిందని తెలుస్తాది. దొంగ అంకె వేసి అతికించినాక మనకింకేం తెలుస్తాది?"

రేవతికి ఎంత ఆనందం వేసిందంటే, నవ్వు బయటపడకుండా చున్నీ సర్దుకుంది. రెండేళ్ళుగా గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోయినట్టు ఉంది. సాయంత్రం ఇంటికి వెళ్ళి అత్తగారికి ఈ సంగతి ఎలా చెప్పాలో కూడా అప్పుడే అనుకుంది. తను చెప్పకూడదు. సుశీల్ చేత చెప్పించాలి. తను మాత్రం "పోనీలే అత్తయ్యా, చిన్నపిల్ల" అనాలి.

"అయితే నీ మోడలే వాడదాం రేవతీ" అన్నారు విజయభాస్కర్ గారు. "నీ లెక్కలో ఫుల్ పవర్ ఎంతసేపు?"

"నాలుగు నిమిషాలు సార్."

"హమ్మయ్య" అన్నాడు క్రీస్తురాజు. "సముద్రం చూస్తా."

"మరి నీ రెండు వోల్టుల తేడా? అది ఎందుకు వచ్చినట్టు?"

ఆ ప్రశ్న వస్తుందని రేవతికి తెలుసు. నాలుగు రోజుల్లో దానికి జవాబు వెతకలేదు, ఎంతసేపూ బిందు తప్పు వెతకడంతోనే సరిపోయింది. అయినా నోరు తడబడలేదు. "సెన్సార్ తేడా అయి ఉంటాది సార్" అంది.

"అయి ఉంటాదా, అయిందా?"

"అయింది సార్."

బిందు కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "నేను ఒకసారి విమానం కాడికి పోయొస్తా సార్" అని, జవాబు కోసం ఆగకుండా బయటికి వెళ్ళిపోయింది. ఏడవలేదు. ఇంత జరిగినా ఆ పిల్ల నలుగురిలో ఏడవలేదు! రేవతికి దాని మీద కూడా ఓర్వలేనితనం పుట్టుకొచ్చింది. తనైతే ఆ కుర్చీలోనే భోరుమనేది.

* * *

క్లియరెన్స్ కాగితం టైపు అయి రావడానికి పావుగంట పడుతుందన్నారు. రేవతి ఊరికే కూర్చోలేకపోయింది. బిందు ఒంటరిగా ఎక్కడో కళ్ళు తుడుచుకుంటూ ఉంటుందని ఒక ఆశ. అది చూడాలి. మంచి బుద్ధి కాదని ఆమెకూ తెలుసు. అయినా కాళ్ళు అటే నడిచాయి.

తెల్లటి విమానం షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఉంది. పొట్ట దగ్గర మూత తీసి ఉంది. మూత పక్కన మోకాళ్ళ మీద బిందు, ఆమె పక్కన టార్చి పట్టుకుని చిన్నపోలయ్య. చిన్నపోలయ్య ఆ షెడ్డులో తీగలు బిగించే మెకానిక్కు. ఇరవై ఏళ్ళు సముద్రం పడవల ఇంజన్లు బాగుచేసి వచ్చినవాడు. పనివాడంటే పనివాడే, బోల్టు బిగించాడంటే మళ్ళీ చూసుకోనక్కర్లేదని పేరు.

"అక్కా, ఇట్రా" అంది బిందు తల తిప్పకుండానే. ఎవరు వస్తున్నారో చెప్పుల చప్పుడుకే తెలుసు ఆమెకు, ఒకే ఇంట్లో మనిషి కదా. "ఇదిగో, ఈ ఎర్ర తొడుగు చూడు."

రేవతి వంగి చూసింది. వేలంత లావు రాగి తీగ, చివర బిగించిన రాగి బిళ్ళ, దాని మెడకు ఎర్ర ప్లాస్టిక్ తొడుగు. తొడుగు అంచు గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోయి ఉంది. పక్క తీగదీ అంతే. ఆ పక్కదీ అంతే.

"నలభై సెకన్లకే ఇట్టా అయినాయి" అంది బిందు. "అన్నా, ఆ విప్పింది చూపించు అక్కకు."

చిన్నపోలయ్య అరచెయ్యి చాపాడు. అందులో గుండ్రటి వాషరు ఒకటి, మెరిసిపోతోంది. స్టెయిన్‌లెస్ స్టీలు.

"ఉప్పుగాలమ్మా" అన్నాడు, పాపం కొంచెం గొప్పగానే. "రాగికి రాగి తగిలితే మూన్నెల్లకు పచ్చగా చిలుం పడతాది. పడవల్లో మేం ఎప్పుడూ ఇట్టనే చేస్తాం. బిళ్ళకూ అది ఆనే రాగి పట్టీకీ మధ్యన ఒక స్టీలు వాషరు యేస్తే ఇంక చిలుమనేదే రాదు. ఎనిమిది జాయింట్లకూ యేసినా."

పడవ బ్యాటరీకి అది సరిపోతుంది. అక్కడ పారే కరెంటు ఎంతని? ఈ విమానంలో మూడు వందల ఆంపియర్లు పారతాయి. స్టీలు కరెంటును రాగిలాగా పోనివ్వదు, అడ్డం పడుతుంది, అడ్డం పడ్డ చోట కాలుతుంది. వాషరు నట్టు కింద ఉండాలి గానీ కరెంటు నడిచే దారి మధ్యలో ఉండకూడదు. ఇది రేవతికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎనిమిది జాయింట్లు, ఒక్కోదానికి ఇంత అడ్డు. మనసులోనే కూడింది. ఆరున్నర మిల్లీ ఓమ్‌లు. రెండు వోల్టులు.

బిందు అంకె దొంగ అంకె కాదు. విమానంలో నిజంగా ఉన్న అంకె.

"ఇది ఎవరు చూసినారు?" అంది రేవతి. "బిగించినాక ఎవరో ఒకరు చూసి సంతకం పెట్టాల కదా?"

చిన్నపోలయ్య ఆశ్చర్యంగా చూశాడు. "మీరేనమ్మా. మరిచిపోయినారా? టార్చి ఏసి చూపించినా. 'వాషర్లు యేసినానమ్మా' అని కూడా చెప్పినా. 'మంచిది' అని ఎనిమిదింటికీ సంతకాలు పెట్టినారు."

రేవతికి ఆ రోజు కళ్ళ ముందుకు వచ్చింది. ఇదే చోట, మూత తీసిన ఇదే పొట్ట దగ్గర, చిన్నపోలయ్య ఫైలు పట్టుకుని నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో మెయిల్ వచ్చింది. ఇకనుంచి రేవతితో పాటు బిందు కూడా సొంతంగా ఒక మోడల్ చేస్తుంది, రెంటిలో ఏది బాగుంటే అది తీసుకుంటాం అని. ఏడేళ్ళుగా ఆ పని రేవతి ఒక్కతెదే. ఆ మెయిల్‌ను మూడుసార్లు చదువుకుంది. చదువుతూనే ఎడంచేత్తో ఫోను పట్టుకుని కుడిచేత్తో ఎనిమిది సంతకాలు పెట్టింది. టార్చి వెలుగు ఎటు పడిందో కూడా చూడలేదు. కళ్ళ నిండా బిందు పేరే ఉంది.

"అన్నా, కొంచెం టీ తెస్తావా?" అంది బిందు. చిన్నపోలయ్య ఇద్దరి మొహాలూ చూసి, టార్చి ఆర్పి, వెళ్ళిపోయాడు.

"నీకెప్పుడు తెలిసింది?" అంది రేవతి.

"టెస్టు అయిన రెండో రోజే. రెండు వోల్టులు ఎక్కడ పోతా ఉన్నాయో తెలీక మూత తీసి చూసినా. అన్నను అడిగితే ఫైలు చూపించినాడు." బిందు చేతికంటిన మసి చున్నీకి తుడుచుకుంది. "జాతకం రాద్దామనే కూర్చున్నా అక్కా. రాస్తే సరిచూసినవాళ్ళ పేరు రాయాల. నీ పేరు రాయబుద్ధి కాలేదు."

రేవతి ఆ ముడుచుకుపోయిన తొడుగు వంకే చూస్తోంది.

"ఆ సాయంత్రం నీకు చెప్దామని వంటింట్లోకి వచ్చినా. ఆఫీసు మాటలు ఇంట్లో వద్దని కూరగాయల కత్తిపీట ముందేసుకున్నావు. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకున్నా. నువ్వు నాతో మాట్లాడితే కదా? ఈలోగా ఆ అంకె వేసి, తొంభై సెకన్లు లిమిట్ పెట్టినా. తొంభై సెకన్లయితే ఏం కాదు, నాలుగు రకాలుగా లెక్క వేసి చూసినా. ఈ ఒక్క ఎగురుడూ అయిపోతే, ఎట్టాగూ అన్నీ విప్పుతారు కాబట్టి, అప్పుడు గుట్టుగా వాషర్లు తీయిద్దామనుకున్నా. అది తప్పే. రూలు రూలే. నువ్వు అడిగింది సబబే అక్కా."

"ఇందాక అందరి ముందూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు పక్కనే కూర్చోనుంటే ఎట్టా చెప్పను?"

ఇంకెవరైనా అయితే ఈ మాటకు కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. ఆ పిల్లను దగ్గరికి తీసుకునేవాళ్ళు. రేవతికి కళ్ళల్లో నీళ్ళయితే వచ్చాయి గానీ అవి వేరే నీళ్ళు. కడుపులో మంట ఇందాకటికంటే పదింతలైంది. లెక్కలో తనను దాటింది, సరే. అత్తగారి దగ్గర దాటింది, సరే. ఇప్పుడు మంచితనంలో కూడా ఈ పిల్లే ముందా? నాలుగు రోజులు తను ఎర్ర సిరా పెన్ను పట్టుకుని ఈ పిల్ల తప్పు వెతుకుతుంటే, ఆ నాలుగు రోజులూ ఈ పిల్ల తన తప్పు దాస్తూ కూర్చుందా? ఎవరు దాచమన్నారు? తన మీద జాలిపడమని ఎవరు అడిగారు?

"ఇప్పుడు లిమిట్ పోయింది" అంది బిందు లేచి నిలబడి. "నీ లెక్క ప్రకారం నాలుగు నిమిషాలు ఫుల్ పవర్ పెడితే సముద్రం మీద ఉండంగానే ఏదో ఒక జాయింటు కాలిపోతాది. క్రీస్తురాజన్నకు ఇద్దరు పిల్లోళ్ళు. నువ్వు చెప్తావా, నేను చెప్పనా? చెప్పకుండా మాత్రం పోనియ్యను అక్కా. ఇంతవరకే నా వల్ల అయింది."

షెడ్డు అవతల నుంచి క్రీస్తురాజు ఈల వేసుకుంటూ వస్తున్నాడు. చేతిలో హెల్మెట్టు. వెనకాల విజయభాస్కర్ గారు, అట్ట మీద బిగించిన క్లియరెన్స్ కాగితంతో.

"నేనే చెప్తాలే" అంది రేవతి.

* * *

"రా రేవతీ, ఇక్కడ పెట్టు సంతకం" అన్నారు విజయభాస్కర్ గారు పెన్ను టోపీ తీసి ఇస్తూ. "గాలి బాగుంది. ఇప్పుడు లేస్తే తొమ్మిదిన్నరకల్లా దిగిపోవచ్చు."

రేవతి పెన్ను తీసుకోలేదు. దారి పొడుగునా నలభై అడుగులు నడుస్తూ ఆమె అనుకున్నది ఒక్కటే. జరిగింది జరిగినట్టు చెప్పేయాలి. తప్పు నాది, బిందుది కాదు అనేయాలి. అలా అనుకుని నోరు తెరిచిందని మీరు నమ్మాలి.

"సార్, విమానాన్ని పంపొద్దు. జాయింట్లలో స్టీలు వాషర్లు ఉండాయి. కరెంటు దారిలోనే పెట్టినారు, ఎనిమిదింటికీ. నాలుగు నిమిషాలు పవర్ పెడితే కాలిపోతాయి." అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. "నేను ఇప్పుడే చూసినాను సార్. రెండు వోల్టుల తేడా ఎందుకో అనుమానమొచ్చి పోయి చూసినా."

ఆ "నేను" ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వచ్చింది. బిందు సరిగ్గా ఆమె వెనక రెండడుగుల దూరంలో ఉంది. ఆమె ఊపిరి కూడా వినిపించేంత దగ్గర.

క్రీస్తురాజు ఈల ఆగిపోయింది. హెల్మెట్టు కింద పెట్టి, విమానం దగ్గరికి వెళ్ళి, తెరిచిన మూతలోకి తొంగి చూశాడు. వచ్చేటప్పుడు అతని మొహం పాలిపోయి ఉంది. "కాలిన వాసన వస్తా ఉంది సార్" అని మాత్రం అన్నాడు.

విజయభాస్కర్ గారు అట్ట మీద కాగితాన్ని లాగి, రెండు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నారు. తర్వాత రేవతి భుజం మీద చెయ్యి వేశారు. ఏడేళ్ళలో ఆయన అలా చెయ్యడం అదే మొదలు.

"ఇదమ్మా అనుభవమంటే" అన్నారు. "సంతకం పెట్టే ముందు ఆగి, పోయి, మూత తీసి చూసింది చూడు." బిందు వైపు తిరిగారు. "చూసి నేర్చుకో. గ్రాఫు కలవలేదని నువ్వు అంకె ఏసి కూర్చున్నావు. మీ అక్క పోయి కారణం కనిపెట్టింది."

"అవును సార్" అంది బిందు.

ఆ రెండు మాటలూ రేవతి వీపు మీద చెళ్ళున తగిలాయి. వెనక్కి తిరిగి చూడలేకపోయింది. కనీసం కోపంగా అని ఉండొచ్చు కదా ఆ పిల్ల! మామూలుగా అంది. ఇంట్లో "అన్నం వడ్డించనా?" అన్నట్టే అంది.

చిన్నపోలయ్య టీ గ్లాసులు తీసుకుని వచ్చి, అందరూ నిలబడి ఉన్న తీరు చూసి అక్కడే ఆగిపోయాడు.

"పోలయ్యా, ఆ వాషర్లు వేసింది నువ్వేనా?" అన్నారు విజయభాస్కర్ గారు.

"నేనే సార్. ఉప్పుగాలికి..."

"నిన్ను అనడం లేదు. నీకు తెలిసిన పడవ పని నువ్వు చేసినావు. నీకు తెలీదనే కదా, చూడడానికి చదువుకున్నోళ్ళని పెట్టింది." ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. పక్కనున్నవాళ్ళకు తప్ప వినిపించనంతగా తగ్గింది. "బిగించినాక చూసి సంతకం పెట్టింది ఎవరు? ఎనిమిది జాయింట్లు చూసి ఎనిమిది సంతకాలు పెట్టిన మనిషికి కళ్ళు యాడ ఉన్నాయి? ఒక మనిషి ప్రాణం పోయేది ఈ పొద్దు. ఫైలు తెండి. ఆ సంతకం ఎవరిదైనా సరే, ఈ గంట తర్వాత వాళ్ళు ఈ గేటు లోపల ఉండరు."

చిన్నపోలయ్య రేవతి వంక చూశాడు. రేవతి నేల వంక చూసింది. ఫైళ్ళ అలమర ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఏడేళ్ళు, ఆ అద్దాల గది, తన కుర్చీ, ఇంట్లో తన మాటకు ఉన్న కాస్త విలువ, అన్నీ ఆ ఇరవై అడుగుల దూరంలో ఉన్నాయి. ఇప్పుడైనా చెప్పాలి. నేనే సార్ అని ఒక్క మాట. నోరు తెరుచుకోలేదు.

చిన్నపోలయ్య గ్లాసులు బల్ల మీద పెట్టి అలమర వైపు కదిలాడు.

"ఫైలు అక్కర్లేదు సార్" అంది బిందు.

అందరూ ఆమె వైపు తిరిగారు. బిందు రేవతిని దాటుకుని ముందుకు వచ్చి విజయభాస్కర్ గారి ఎదురుగా నిలబడింది. మసి అంటిన చున్నీ, వాలిపోయిన జడ. మొహం ప్రశాంతంగా ఉంది.

"సంతకం ఎవరిదో నేను చెప్తాను."

రేవతి బెదిరిపోయింది. ఈ పిల్ల తన పేరు చెబుతుందేమోనని కాదు. చెబితే పీడా పోతుంది, జీవితాంతం ఈమెను ద్వేషిస్తూ హాయిగా బతకొచ్చు. తన పేరు చెప్పకుండా ఆ తప్పును కూడా బిందే నెత్తిన వేసుకుంటుందేమోనని భయం పట్టుకుంది. అదే జరిగితే ఇంక ఈ జన్మకు ఈ పిల్లను ఎందులోనూ దాటడం తన వల్ల కాదు.

"చెప్పు" అన్నారు విజయభాస్కర్ గారు.

బిందు నోరు తెరిచింది. రేవతి ఒక్క అంగలో వెళ్ళి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

(సశేషం)